ఊరవతల గుడారం... అడిగేవారుండరు!

కారు డిక్కీలో గుడారం, స్టవ్వు, దుప్పట్లు సర్దుకుని పిల్లలతో బయల్దేరడమే... వేసవిలో స్కాండినేవియా చూడ్డానికి ఇదో చక్కని మార్గం. డెన్మార్క్‌ నుంచి 2000లో మొదలైన ఓరెసుండ్‌ వంతెన దాటితే స్వీడన్‌. అక్కణ్నుంచి రోడ్డు మీదే నార్వే వెళ్లిపోవచ్చు.

మరి రాత్రి బస? డెన్మార్క్‌లో అయితే అనుమతించిన చోటే దిగాలి. స్వీడన్‌, నార్వేల్లో అలా కాదు. అడవుల్లో, కొండల్లో ఒకట్రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు, ఆ స్థలం వేరొకరిదైనా సరే! నార్వేలో 1957 నుంచీ ఇందుకు చట్టమే ఉంది. దానికీ షరతులున్నాయి. ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరం పాటించాలి. పంట పొలాల్లో దిగకూడదు. కారు రోడ్డు దాటి అడవిలోకి పోకూడదు. ఏప్రిల్‌ 15 నుంచి సెప్టెంబరు 15 వరకూ అడవుల్లో మంట వేయడం సాధారణంగా నిషేధం.

ఉత్తరాన నార్డ్‌కాప్‌ చేరితే మరో వింత. మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. పిల్లల్ని నిద్రపుచ్చడమే పెద్ద పని!

కంచె, కాపలా లేని ఈ హక్కు నిలబడేది నమ్మకం మీదే. ఒక్కరు చెత్త వదిలినా తర్వాత వచ్చేవారి మీద అనుమానం మొదలవుతుంది. అందుకే గుడారం విప్పాక చివరి కాగితం ముక్క వరకూ ఏరి సంచిలో వేసుకున్నాకే కారెక్కాలి.