గంటకో రకంగా మా సందు

28 ఆగస్టు 2025, గురువారం

నిన్న చవితి పూజ కాగానే నూజివీడు నుంచి బెజవాడ వచ్చి, రాత్రికి ఫలక్‌నుమా ఎక్కాం, నేనూ నాన్నా. ఇవాళ మధ్యాహ్నం ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద తెలుగు వినబడింది. రైల్వే ఉద్యోగాలకని తాతల నాడు వచ్చి అక్కడే స్థిరపడిన మనవాళ్లు. మా పెట్టెలోకి ఎక్కిన పెద్దాయనొకరు "ఏ ఊరమ్మా?" అని పలకరించారు. కలకత్తా ప్రెసిడెన్సీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కి వెళ్తున్నానని చెప్పాను. ఆయన నాన్న వైపు తిరిగి, "బెంగ పెట్టుకోకండి, ఆడపిల్ల చదువుకోడానికి మంచి ఊరే" అన్నారు. విజయనగరం దాటినప్పటి నుంచీ మాట్లాడని నాన్న, అప్పుడు టీ తాగారు.

హౌరాలో దిగి మెట్రో కోసం కిందికి, ఇంకా కిందికి వెళ్లాం. హుగ్లీ అడుగున 520 మీటర్ల సొరంగాన్ని రైలు ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దా దాకా ఉన్న ముక్క తెరిచి ఇంకా వారమే. ఆ ముక్క తవ్వుతుండగానే 2019 ఆగస్టు చివర్లో బౌబజార్‌లో ఇళ్లు పగుళ్లిచ్చాయి, కొన్ని కూలాయి. దుర్గా పితూరి లేన్‌లో తరాలుగా ఉన్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి వచ్చారు. 2022లో మళ్లీ పగుళ్లు. హౌరా నుంచి సియాల్దాకి ఇప్పుడు పది, పదకొండు నిమిషాలు. ఆ నిమిషాల కోసం ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు మన నెత్తి మీద ఉన్న వీధిలోనే ఉండేవారని రాసి పెట్టుకుంటున్నాను.

31 ఆగస్టు, ఆదివారం

నాన్న నిన్న వెళ్లిపోయారు. గది ఆంహర్స్ట్ స్ట్రీట్ వెనక సందులో, పాత ఇంటి రెండో అంతస్తు. మూడు మంచాలు. కూచ్‌బిహార్ అమ్మాయి చరిత్ర చదువుతోంది, తెల్లవారుజాము దాకా దీపం ఆర్పదు. ఇంకో అక్క నర్సు, నైట్ డ్యూటీ. ఆవిడ పడుకునే వేళకి మేం లేస్తాం. ముగ్గురం ఒకేసారి మెలకువగా గదిలో ఉంటే కాలు కదపడానికి చోటుండదు. కానీ అలా ముగ్గురం కలిసే వేళ రోజుకి గంట కూడా ఉండదు.

ఇంటి యజమానురాలిని అందరూ మాషిమా, అంటే పిన్ని, అంటారు, నేనూ అంటున్నాను. కార్పొరేషన్ నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయో, ఎవరి బకెట్ ఎవరి తర్వాతో చెప్పి, "నువ్వు కొత్తదానివి, వారం రోజులు ముందు నువ్వే పట్టుకో" అంది. హిందీలో మొదలుపెట్టి బెంగాలీలో ముగిస్తుంది. అర్థమవుతోంది.

2011 జనాభా లెక్కల ప్రకారం కలకత్తాలో చదరపు కిలోమీటరుకి 24 వేల మందికి పైగా ఉన్నారు. బయల్దేరే ముందు ఆ అంకె చూసి అమ్మ హడలిపోయింది. మా పెరట్లో రెండు మామిడి చెట్ల నీడే ఈ గదికి నాలుగింతలు ఉంటుంది మరి.

4 సెప్టెంబర్, గురువారం

కిటికీ లోంచి ఎదురింటి అరుగు కనిపిస్తుంది. మన ఊళ్ల అరుగే. గచ్చు ఎర్రటిది, అంచులు అరిగి నున్నగా అయిపోయాయి, ఒక మనిషి కాళ్లు ముడుచుకు పడుకుంటే సరిపోయేంత.

తెల్లారగట్ల ఐదింటికి దాని పక్క గంగ నీళ్ల పైపు దగ్గర మగవాళ్లు స్నానాలు చేస్తారు, బట్టలు అరుగు మీద పెడతారు. తాగడానికి పనికిరాని నది నీళ్లవి, వీధులు కడగడానికని పాతకాలంలో విడిగా వేసిన గొట్టాలు. ఆరున్నరకి అరుగు కడిగి చేపలావిడ కత్తిపీట వేస్తుంది. బొటనవేలితో పీట తొక్కిపెట్టి, చేపని రెండు చేతులతో కత్తికి అదిమి, వచ్చినావిడతో మాట్లాడుతూనే ముక్కలు చేస్తుంది. తొమ్మిదికల్లా బకెట్టు నీళ్లు కొట్టి వెళ్లిపోతుంది. తర్వాత ఎదురింటి ముసలాయన పేపరు. మధ్యాహ్నం రిక్షా లాగే అతని నిద్ర, తలకింద గంట పెట్టుకుని. బీహార్ నుంచి వచ్చాడట, చేత్తో లాగే రిక్షా. నాలుగింటికి ఇస్త్రీ బట్టల మూటలు. చీకటి పడ్డాక వంకాయ బజ్జీల మూకుడు. తొమ్మిది దాటితే క్యారమ్స్ బోర్డు, పైన వేలాడే బల్బు.

ఇంతమందిలో ఒక్కరూ ఇంకొకరిని "లే" అనడం నేను వినలేదు. ఎవరి వేళ వారికి తెలుసు. జాగా చాలకపోతే వేళలు పంచుకున్నారు, అంతే. చదరపు కిలోమీటరుకి ఇంతమంది అని చెప్పే అంకెలో గంటలు లేవు. ఈ ఊరు బతుకుతున్నది ఆ గంటల మీదే.

10 సెప్టెంబర్, బుధవారం

ఇవాళ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పుట్టినరోజు. 1920. క్లాసు కాగానే బేకర్ లాబొరేటరీ భవనం ముందుకెళ్లి నిలబడ్డాను. 1931లో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తొలి రోజులు ఇప్పుడున్న బరానగర్‌లో కాదు, ఇక్కడే, ఆయన ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన ఈ కాలేజీలోనే. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి, మిలిటరీ వాళ్ల సర్వే ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వచ్చారు. అది రాలేదు. బస చేసిన చోట పరిచయమైన ఒకాయన వెంట ఇక్కడికి వచ్చి చూసి, 1941 జనవరి 1న చేరిపోయారు. ఆ ఏడే కలకత్తా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ ఎమ్మే మొదలుపెడితే, మొదటి జట్టులో ఆయనా ఒకరు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలోని ఫలితం పేరు ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్లకీ తెలుసు. పక్షపాతం లేని ఎంత మంచి పద్ధతిలో అంచనా వేసినా దాని అస్థిరత ఇంతకన్నా తగ్గదని గీసిన గీత, క్రామర్-రావు హద్దు.

ఆయన చిన్నప్పుడు చదివిన ఊళ్లలో మా నూజివీడు కూడా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి నూనె దీపం వెలిగించి ఇచ్చేదని, ఒక పుస్తకం వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్తే, "నిన్ను లేపడానికి నాలుగింటికి నేనక్కడ లేనే" అని దిగులుపడింది. "లేస్తున్నానులేవే, నీళ్లు అప్పుడే వస్తాయి" అన్నాను.

16 సెప్టెంబర్, మంగళవారం

భవానీ దత్త లేన్‌లో పాత అన్నం హోటల్. కలకత్తా వాళ్లు పైస్ హోటల్ అంటారు. అరిటాకులో వడ్డిస్తారు. ఏది తింటే దానికే డబ్బు, ఆకుకీ నిమ్మచెక్కకీ కూడా విడిగా. వడ్డించే ఆయన చేపల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చదువుతాడు. పప్పు తియ్యగా ఉంది, నాకింకా అలవాటు కాలేదు. ఆవపెట్టిన చేప మాత్రం మనసుకి పట్టింది. నేను తింటుండగానే ఒకాయన నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. మనవైపైతే గొడవే. ఇక్కడ అది కూడా వరస. ఆకు మడవగానే ఆయన నాకు దారిచ్చి, "తొందరేం లేదమ్మా, చెయ్యి కడుక్కో" అన్నాడు.

21 సెప్టెంబర్, ఆదివారం

మహాలయ. నాలుగింటికి రేడియోలో బీరేంద్రకృష్ణ భద్ర గొంతు, మహిషాసురమర్దిని. కలకత్తా రేడియోలో 1931లో మొదలైన కార్యక్రమం. పాత రికార్డే, ఏటా వేస్తారు. ఊరంతా లేచి వింటుందని విన్నాను, సందులోకి దిగి నడిస్తే తెలిసింది. ఒక కిటికీ దాటేలోపు రెండోది అందుకుంటుంది, చివరిదాకా నడిచినా ఒక్క శ్లోకం తెగలేదు. ఇళ్ల మధ్య మా ఊళ్లో ఉన్నంత దూరం ఉంటే ఇది కుదిరేది కాదు. నైట్ డ్యూటీ నుంచి వస్తున్న అక్క సందు మొదట్లోనే ఆగిపోయి నిలబడి ఉంది.

23 సెప్టెంబర్, మంగళవారం

రాత్రంతా వాన. 250 మిల్లీమీటర్లు దాటిందంటున్నారు. ఎదురింటి అరుగు మునిగింది. కరెంటు తీగలు నీళ్లలో తగిలి ఊళ్లో చాలామంది పోయారు. పనికి సైకిల్ మీద బయల్దేరినవాళ్లు, దుకాణం తెరవబోయినవాళ్లు. రాయడానికి చెయ్యి రావడం లేదు.

బ్రిటిష్ వాళ్ల కాలపు ఇటుక కాలువలు ఈ ఊరి నీటిని పక్కనున్న నదిలోకి కాక తూర్పుకి, చిత్తడి నేలల వైపు పంపుతాయి. నేల వాలు అటే. ఆ మురుగులోనే చేపలు పెంచుతారు, ఊరు తినే చేపల్లో కొంత అక్కడిదే. ఇంత గొప్ప ఏర్పాటు ఉండి కూడా వీధిలో తీగ తగిలి మనిషి చనిపోతున్నాడంటే పాతదనాన్ని నిందించి ఊరుకోకూడదు. పాత కాలువ చేయాల్సిన పని ఇంకా చేస్తోంది. కొత్తగా వేలాడదీసిన తీగని చూసేవాళ్లు లేరు.

24 సెప్టెంబర్, బుధవారం

కాలేజ్ స్ట్రీట్‌లో తడిసిన పుస్తకాలు గుట్టలు. ఒక దుకాణం ఆయన అట్టలు చింపి లోపలి కాగితాలు ఆరబెడుతున్నాడు. దుర్గా పూజ అమ్మకాలకని తెచ్చిన సరుకట. కూచ్‌బిహార్ అమ్మాయీ నేనూ సాయంత్రం దాకా కాగితాలు తిప్పాం. శరత్ నవలలు తెలుగులో చదివామని, మా అమ్మమ్మకి ఆయన తెలుగువాడేనని నమ్మకమని చెప్తే, దుకాణం ఆయన తల ఊపి, తడవని దేవదాసు ఒకటి నా చేతిలో పెట్టి డబ్బు తీసుకోలేదు. బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుంటున్నాను.

30 సెప్టెంబర్, మంగళవారం

అష్టమి. కాలేజ్ స్క్వేర్ చెరువులో దీపాల నీడలు. జనం జనం. అరుగు ఎండింది, దాని మీద ఇవాళ పూజకి డోలు వాయించే ఢాకీలు నిద్రపోతున్నారు, డోళ్లు పక్కనే. రిక్షా అతను తన వేళ వాళ్లకి వదిలేశాడు.

12 అక్టోబర్, ఆదివారం

సెలవుల్లో మహలనోబిస్ జనపనార సర్వేల గురించి చదువుతున్నాను. 1937 నుంచి బెంగాల్లో జనపనార సాగు విస్తీర్ణం లెక్కించడానికి ప్రతి పొలమూ కొలవకుండా, యాదృచ్ఛికంగా ఎంచిన మడులు మాత్రమే కొలిపించారు. నాకు నచ్చినది ఆ తర్వాతి ఎత్తు. ఒకే ప్రాంతానికి రెండు జట్లని విడివిడిగా పంపడం. ఇద్దరి అంకెలకీ మధ్య ఎంత తేడా ఉందో చూస్తే, మనిషి వల్ల వచ్చే తప్పు ఎంతో బయటపడుతుంది.

నేనూ కూచ్‌బిహార్ అమ్మాయీ సందులో మనుషుల్ని చెరో కిటికీ నుంచీ లెక్కపెట్టి చూశాం. మా అంకెలు కలవలేదు. పడుకుని ఉన్న రిక్షా అతన్ని తను లెక్కలోకి తీసుకోలేదు. "నడిచేవాళ్లనే కదా?" అంది. లెక్కించాల్సింది ఎవరిని అనేది ముందు తేల్చుకోవాలి. ప్రాజెక్టుగా ఇదే రాస్తే ఎలా ఉంటుందని మా సార్‌కి చెప్పాను. "స్థలాన్ని శాంపిల్ చేసేవాళ్లు బోలెడుమంది. నువ్వు గంటల్ని చెయ్యి, కానీ తెల్లవారుజాము వదలకు, అందరూ వదిలేది అదే" అన్నారు.

ఐదింటి స్నానాల వేళ కిటికీలో నిలబడి మగవాళ్లని లెక్కపెట్టడం బాగుండదు. ఆ గంట మాషిమా మనవడికి అప్పగించి, చేపలావిడ వేళ నేను తీసుకుంటాను. ముందు ఎదురింటి ముసలాయన్ని అడగాలి, అరుగు ఆయనది కదా.