తెగిన పోగు

దీపము వెలుగుచున్నంత కాలము దాని వత్తిని గూర్చి యెవ్వరును తలంపరు. అది యారిపోయినప్పుడే చమురున్నదో లేదో, వత్తి కాలినదో లేదో చూతురు. కంప్యూటరు విషయమును ఇట్టిదే. నిన్నటిదాక చెప్పిన పనియెల్ల చేసిన యంత్రము నేడు హఠాత్తుగా మూగవోయినచో, దానిని పట్టి కుదుపువారు కొందరు; తిట్టువారు కొందరు; అందున్నదంతయు తుడిచివేసి మరల మొదలుపెట్టుదమనువారు మరికొందరు. ఏమి జరిగినదో ముందుగా తెలిసికొందమనువారు మాత్రము తక్కువ. చీరాల ప్రాంతమందలి యొక చేనేత పల్లెలో జరిగిన చిన్న వృత్తాంతము ఆ యోర్పు విలువను చక్కగా తెలుపును.

ఆ పల్లెలోని గ్రంథాలయము చిన్నది. రెండు గదులు, నాలుగు బీరువాలు, ఒక పాత కంప్యూటరు, ఇదియే దాని సంపద. గ్రంథపాలకునకు 55 ఏండ్లుండును. ఆయనకు నేతవారి మాటలనిన మిక్కిలి మక్కువ. పడుగు, పేక, నాడె, కండె మొదలగు మాటలు నిఘంటువులలో దొరకును. కాని నూలు గుణమును, రంగుల ఛాయలను, నేతలోని తప్పులను తెలుపుటకు మగ్గము ముందు కూర్చున్నవారు తమలో తాము పలుకు మాటలు వందలుగా కలవు. అవి పుస్తకములకు ఎక్కలేదు. గుంటమగ్గముపై అరువదేండ్లు నేసిన యొక వృద్ధుడు ప్రతి సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చి వానిని చెప్పెడివాడు. గ్రంథపాలకుడు అర్థములతోను ప్రయోగములతోను వానిని కంప్యూటరులో వ్రాసికొనెడివాడు. ఇట్లు మూడేండ్లు గడచెను. రెండువేలకు పైగా మాటలు చేరెను. పిమ్మట ఆ వృద్ధుడు కాలధర్మము నొందెను. ఆయన చెప్పినవి యా యంత్రమునందే మిగిలెను. మొదటి యేటి మాటలకు మాత్రము ఒక పెన్‌డ్రైవులో ప్రతి కలదు. తక్కినవానికిని ప్రతి తీయవలెనని గ్రంథపాలకుడు అనుకొనుచునే యుండెను. కాని రేపు రేపనుచు దినములు గడచిపోయెను.

ఆ కంప్యూటరును నడపునది లినక్స్. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి దీని కెర్నెల్‌ను వ్రాసి లోకమునకు వెల్లడించెను. కెర్నెల్ అనగా యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పనులు పంచిపెట్టు మూలభాగము. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ అను ప్రయత్నము నుండి పెక్కు సాధనములు దీనికి తోడైనవి. వీనినన్నింటిని ఒకచోట కూర్చి, జనులు వాడుకొనుటకు అనువుగా అందించు కూర్పులు అనేకము కలవు. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ వానిలో నొకటి. గ్రంథాలయమందున్నది యదియే. దానికి వెల లేదు. దాని మూలమును ఎవ్వరైనను చదువవచ్చును, తెలిసినవారు దిద్దవచ్చును.

డెబియన్‌లో ప్రతి ప్రోగ్రామును ప్యాకేజీ అను మూటగా వచ్చును. దోషములు సవరింపబడినప్పుడెల్ల క్రొత్త మూటలు వెలువడును. వానిని తెచ్చి పాతవాని స్థానమున నిలుపుటయే నవీకరణము. యంత్రము భద్రముగా నుండవలెనన్న నవీకరణము తప్పదు. గ్రంథపాలకుడు నెలకొకసారి దానిని జరుపుచుండెడివాడు. ఒకనాటి రాత్రి గ్రంథాలయము మూయువేళకు ఆ పని ముగిసినట్లు తోచెను. ఆయన యంత్రము నాపి యింటికి పోయెను.

మరునాటి ఉదయమున మీట నొక్కగా తెర నల్లబడెను. నలుపుపై తెల్లని యక్షరములు బారులు తీరి పరుగెత్తి, హఠాత్తుగా నిలిచిపోయెను. మరల నాపి మరల నొక్కెను. మరల నదే తెర. గ్రంథపాలకుని మోము వివర్ణమయ్యెను. ఆయనకు యంత్రము గుర్తునకు రాలేదు. ఆ వృద్ధుడు నోటిలో వక్క నమలుచు ఒక్కొక్క మాటకు అర్థము చెప్పిన సాయంకాలములు గుర్తునకు వచ్చెను.

ఆ వీధిలోనే పాలిటెక్నిక్‌లో చదువు యువకుడొకడు కలడు. అతని చెల్లెలు ఎనిమిదవ తరగతి విద్యార్థిని. కబురందగానే యిరువురును వచ్చిరి. యువకుడు తెరను ఒక్క చూపు చూచి, "మాస్టారూ, దీనితో కాలము వ్యర్థము చేయనేల? డిస్కు తుడిచివేసి డెబియన్‌ను మరల నెక్కించెదను. గంటలో ముగియును" అనెను.

"నాయనా, యంత్రము గంటలో వచ్చును. మూడేండ్ల మాటలు గంటలో వచ్చునా?" అని గ్రంథపాలకుడు మెల్లగా పలికెను.

యువకుడు సిగ్గుపడి యూరకుండెను. ఇంతలో బాలిక తన నోటుపుస్తకము తీసి తెరమీది యక్షరములను చూచి వ్రాయసాగెను. ఆమెకు వానిలో సగము తెలియదు. అయినను ఒక్క యక్షరమైనను విడువక వ్రాసెను. "అన్నయ్యా, మొదట కెర్నెల్ పానిక్ అని యున్నది. రూట్ ఫైల్ వ్యవస్థను అందుకొనలేకపోతినని దాని తరువాత నున్నది. చివర కుండలీకరణములలో రెండు సున్నలున్నవి" అని చదివి వినిపించెను.

యువకుడు ఆ మాటలను మరల చదివెను. ఈ మారు శ్రద్ధతో చదివెను. కెర్నెల్ మేల్కొన్నది, కాని తన సామగ్రియంతయు నున్న డిస్కు విభాగము దానికి కనబడలేదు. కారణము రెండు విధములుగా నుండవచ్చును. డిస్కే చెడియుండవచ్చును. లేదా డిస్కు బాగుగనే యుండి, క్రొత్తగా వచ్చిన కెర్నెల్ దానిని చూడలేకపోవుచుండవచ్చును. మొదటిదైనచో నష్టము గొప్పది. రెండవదైనచో ఉపాయము కలదు. ఈ రెండింటిలో నేదియో తేల్చు పరీక్ష యొక్కటి కావలెను.

"యంత్రము మొదలైనప్పుడు ఒక నీలిరంగు తెర వచ్చి పోవుచున్నది గదా, దానిలో రెండవ పంక్తి యేమి?" అని బాలిక అడిగెను.

ఆ తెర గ్రబ్ అను ప్రోగ్రామునది. యంత్రము మేల్కొనగానే ఏ కెర్నెల్‌ను పిలువవలెనో నిర్ణయించునది యదియే. అది 5 సెకనులు వేచియుండి, ఎవ్వరును ఏమియు చెప్పనిచో మొదటి పంక్తిలోని క్రొత్త కెర్నెల్‌ను పిలుచును. రెండవ పంక్తి అదనపు ఎంపికలకు దారి. ప్రతిదినము కన్నుల ముందు మెరసి పోవుచున్నను దాని వంక చూచినవారు లేరు. యువకుడు యంత్రమును మరల ప్రారంభించి, ఆ రెండవ పంక్తిని తెరచెను. అందు పాత కెర్నెళ్ల పేర్లు వరుసగా నుండెను. నవీకరణము క్రొత్త కెర్నెల్‌ను తెచ్చునప్పుడు పాతదానిని వెంటనే పారవేయదు. క్రొత్తది పనిచేయనినాడు మరలి వచ్చుటకు దారిగా దానిని నిలిపియుంచును. యువకుడు నిన్నటివరకు పనిచేసిన కెర్నెల్‌ను ఎన్నుకొనెను.

మువ్వురును ఊపిరి బిగబట్టి చూచిరి. అక్షరములు పరుగెత్తెను. ఈసారి ఆగలేదు. కొంతసేపటికి ఎప్పటి తెర వెలసెను. గ్రంథపాలకుడు వణకు వ్రేళ్లతో తన ఫైలును తెరచెను. మాటలన్నియు నుండెను. డిస్కు చెడలేదు.

యువకుడు ఉత్సాహముతో మరమ్మతునకు పూనుకొనబోగా గ్రంథపాలకుడు వారించెను. "ఆగుము నాయనా! ముందు మాటలకు ప్రతి తీయుదము. చేయి జారిన పిమ్మట విచారించిన లాభము లేదు" అనెను. రెండు పెన్‌డ్రైవులలోనికి ఫైళ్లన్నియు చేరినవి. వానిని తెరచి చూచి, సరిగా చేరినవని నిశ్చయించుకొనిన తరువాతనే కారణము వెదుకుటకు కూర్చుండిరి.

నవీకరణ సమయమున తెరపై కనబడిన ప్రతి వాక్యమును డెబియన్ ఒక చిట్టాలో భద్రపరచును. యువకుడు దానిని తెరచి ముందు రాత్రి వ్రాతను చదివెను. అందొకచోట, డిస్కులో చోటు మిగులలేదని స్పష్టముగా నుండెను. ఏ విభాగములో చోటు లేదు? డీఎఫ్ అను ఆజ్ఞ ప్రతి విభాగమున ఎంత నిండినదో చూపును. ప్రధాన విభాగమున సగము ఖాళీ. కాని కెర్నెళ్లుండు బూట్ అను చిన్న విభాగము నూటికి నూరు పాళ్లు నిండియుండెను. యంత్రమును మొదట సిద్ధపరచినవారు దానికి 250 మెగాబైట్లు మాత్రమే కేటాయించిరి. ఒక్కొక్క కెర్నెల్‌కు, దాని తోడి ఫైళ్లకు కలిపి సుమారు 70 మెగాబైట్లు పట్టుచుండెను. మూడు కెర్నెళ్లకు చోటు సరిపోయెను, నాలుగవదానికి చాలలేదు.

"చోటు చాలనిచో క్రొత్త కెర్నెల్ అసలే రాకూడదు గదా? సగము వచ్చుట యెట్లు?" అని బాలిక ప్రశ్నించెను.

ప్రశ్న చక్కనిది. యువకుడు ఇట్లు వివరించెను: "కెర్నెల్ చిన్న ఫైలు, అది పట్టినది. దానికి తోడుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అను పెద్ద మూట యొకటి తయారు కావలెను, అది పట్టలేదు. డిస్కును చదువుటకు కావలసిన సాధనములు డిస్కులోనే యున్నవి. అనగా పెట్టె తాళపుచెవి పెట్టెలోనే యున్నదన్నమాట! అందుచేత ఆ సాధనములను చిన్న మూటగా కట్టి, కెర్నెల్‌తో పాటు ముందుగా చేతికందింతురు. ఆ మూట లేని కెర్నెల్ తలుపు ముందు నిలిచి తాళపుచెవి లేక కూలబడినది. నిన్నటి నవీకరణములో గ్రబ్ కూడ మారుటచే అది తన జాబితాను మరల వ్రాసికొని, ఈ యసంపూర్ణమైన కెర్నెల్‌నే మొదటి పంక్తిలో నిలిపినది."

గ్రంథపాలకుడు చిట్టాలోని యా వాక్యము వంక చాలసేపు చూచెను. పిమ్మట, "ఈ వాక్యము నిన్న రాత్రి నా కన్నుల ముందే యుండెను. ఎఱ్ఱయక్షరములేవో కనబడినవి. తలుపులు మూయు తొందరలో చదువకయే యంత్రము నాపితిని. అది తన బాధను చెప్పినది, నేను వినలేదు" అనెను. పిల్లల యెదుట తన తప్పును ఒప్పుకొనుటకు ఆయన వెనుదీయలేదు. ఆ మాట విని యువకుడును, "నేనును ఈ యుదయము చదువలేదు మాస్టారూ! చదివినది మా చెల్లెలే" అనెను.

కారణము తెలిసిన పిదప మరమ్మతు సులభమయ్యెను. ఇప్పుడు నడచుచున్న కెర్నెల్ ఏదో మొదట చూచుకొనిరి, దానిని పొరపాటున తీసివేయకుండుటకు. పిదప అన్నింటికంటె పాతదైన దానినొక్కదానినే తొలగించిరి. ఫైళ్లను చేతితో చెరిపివేయక, ప్యాకేజీల లెక్క తప్పకుండ ప్యాకేజీ సాధనముతోనే తీయించిరి. బూట్ విభాగమున చోటు ఏర్పడెను. సగములో నిలిచిన పనులను పూర్తిచేయుమని ఆజ్ఞ యిచ్చిరి. తయారు కాని మూట తయారయ్యెను. గ్రబ్ తన జాబితాను సరిచేసికొనెను. ఒక్కొక్క మెట్టు ముగియగానే తెరపై వచ్చిన ప్రతి వాక్యమును బాలిక చదువుచుండెను. ఎచ్చటను దోషము కనబడలేదు. యంత్రమును మరల ప్రారంభింపగా క్రొత్త కెర్నెల్ తోనే తెర వెలసెను.

యువకుడు చెప్పిన గంట యెప్పుడో దాటిపోయెను. పని ముగియుసరికి మధ్యాహ్నమయ్యెను. అయినను ఒక్క మాటయు పోలేదు. అంతకంటె ముఖ్యముగా, ఏమి చెడినదో, ఎందుకు చెడినదో తెలిసెను. తుడిచివేసి మరల నెక్కించియున్నచో మాటలు పోవుటయే గాక కారణమును తెలిసియుండెడిది కాదు. బూట్ విభాగమును మునుపటి వలెనే చిన్నదిగా ఉంచియుండినచో కొన్ని నెలలకు అదే చీకటి తెర మరల వచ్చియుండెడిది.

ఇంటికి పోవుటకు ముందు బాలిక మాటల ఫైలును చూడగోరెను. గ్రంథపాలకుడు ఒక పుట తెరచి చూపెను. మగ్గము మీద పడుగులో పోగు తెగినప్పుడు నేతగాడు చేయు పనిని ఆ వృద్ధుడు అక్కడ వివరించి యుండెను. నేతగాడు నేత నాపును. వందల పోగుల నడుమ తెగినది యేదో వ్రేలితో వెదకి పట్టుకొనును. దాని రెండు కొనలను కలిపి ముడివేయును. ఆ తరువాతనే నాడెను కదపును. ఒక్క పోగు తెగెనని పడుగునంతయు కోసివేయు నేతగాడు ఆ పల్లెలో లేడు.

బాలిక ఆ పుటను రెండుమార్లు చదివెను. తన నోటుపుస్తకమున ఉదయము వ్రాసికొనిన తెల్లని యక్షరముల క్రింద నాలుగు వాక్యములు వ్రాసికొనెను: తెరమీది మాటను పూర్తిగా చదువవలెను. చేయి వేయక ముందు ప్రతి తీయవలెను. ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. క్రొత్తది నిలదొక్కుకొను వరకు పాతదానిని పారవేయరాదు.

నాటినుండి ఆ గ్రంథాలయమున నవీకరణము రాత్రి మూయువేళ జరుగుట లేదు. ఉదయముననే జరుగుచున్నది. ప్రతి శనివారము నేతవారి మాటలకు రెండు ప్రతులు తీయబడుచున్నవి. ఒకటి గ్రంథాలయపు బీరువాలోను, మరియొకటి ఆ వృద్ధుని యింటిలోను ఉండును. ఆ యింటిలో ఆయన మనుమడు అదే గుంటమగ్గముపై నేడును నేయుచున్నాడు.