మిలట్రీ మావయ్య పేరేంటి?

మొన్న శనివారం రాత్రి మా పిన్ని కొడుకుని శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కించాం. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు. వాడి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడిపోవడంతో వీసా మీద మొదటి పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యు' అని వచ్చింది. అంటే పేరు తెలియదని. మనవాళ్ళలో చాలామందికి అనుభవమే కదా! "పేరు లేని వెధవా, జాగ్రత్తగా వెళ్ళిరా" అని అందరం నవ్వుకుంటూ, ఏడ్చుకుంటూ సాగనంపాం.

తిరిగొచ్చేటప్పుడు తొండుపల్లి దగ్గర బెంగుళూరు హైవే పక్కన టీకి ఆగాం, నేనూ అమ్మా. మన ఐటీ జనాలకి తొండుపల్లి అంటే ఊరు కాదు, ఔటర్ మీద కనిపించే ఓ బోర్డు. ఆ ఊళ్ళో ఎవరున్నారో, ఎవరు పోయారో మనకెందుకు? నెత్తిమీద నుంచి విమానం వెళ్తుంటే అమ్మ అలాగే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "మా మిలట్రీ మావయ్య కూడా ఇలాగే వెళ్ళాట్రా. తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలెక్కాడట. మళ్ళీ రాలేదు. బర్మాలో పోయాడు" అంది.

ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటున్నదే. కానీ ఎందుకో ఆ రోజు ఒక ప్రశ్న అడిగాను.

"ఆయన పేరేంటమ్మా?"

అమ్మ టీ గ్లాసు పట్టుకుని ఆలోచించింది. "మిలట్రీ మావయ్య అనే అనుకునేవాళ్ళం రా. మీ అమ్మమ్మేమో అన్నయ్య అనేది..."

అంతే. ఇంకేం లేదు. అప్పటిదాకా వీసా మీద జోకులేసిన నేను నోరు మూసుకున్నాను.

అమ్మమ్మ వాళ్ళది తాడేపల్లిగూడెం దగ్గర ఓ చిన్న ఊరు. దానికి దగ్గర్లోనే మాధవరం ఉంది. 'మిలట్రీ మాధవరం' అంటే గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళుండరు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఇప్పటికీ ఇంటికొకరు సైన్యంలో ఉంటారని చెప్పుకుంటారు. పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు. ఊరంతా కలిసి గుర్తుపెట్టుకుంటే ఇంట్లోవాళ్ళు మర్చిపోయినా ఫర్వాలేదు, బ్యాకప్ ఉన్నట్టే. మా ఊరికి ఆ బ్యాకప్ లేదు.

"తెలుగువాళ్ళకి యుద్ధాలేంటి, మనం కోడింగుకే పుట్టాం" అని ఆఫీసులో అంటూ ఉంటారు కదా. ఒకప్పుడు ఉత్తరాదిన కంపెనీ సిపాయిలని 'తిలంగాలు' అనేవాళ్ళు. తెలుగు దేశం నుంచి వచ్చిన సిపాయిల వల్లే ఆ మాట పుట్టింది. తర్వాత బ్రిటిష్‌వాళ్ళకి 'యుద్ధ జాతులు' అనే పిచ్చి పట్టుకుని, పంజాబు వైపు మొగ్గి, మద్రాసు పటాలాలని ఒక్కొక్కటిగా ఎత్తేశారు. 1928 కల్లా మద్రాసు రెజిమెంటు కూడా పోయింది. రెండో యుద్ధంలో జపాన్‌వాళ్ళు మీదికొచ్చి మనుషులు చాలనప్పుడు మళ్ళీ నిలబెట్టారు. అవసరం తీరాక బెంచి మీద కూర్చోబెట్టడం, ప్రాజెక్టు రాగానే పిలవడం మనం కనిపెట్టింది కాదన్నమాట.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. లాప్‌టాప్ తీశాను. మొదటి యుద్ధంలో దాదాపు 74,000 మంది, రెండోదాంట్లో దాదాపు 87,000 మంది భారత సైనికులు చనిపోయారు. ఢిల్లీలో 1931లో ప్రారంభించిన ఇండియా గేటు 70,000 మంది జ్ఞాపకార్థం కట్టింది. గోడల మీద చెక్కిన పేర్లు మాత్రం 13,000 పైచిలుకు. మన దేశంలో చాలా ఊళ్ళలో ఆ కాలపు రాతిపలకలు ఉన్నాయి. 'ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు' అని ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలే, పేర్లుండవు. మన భాషలో చెప్పాలంటే టేబుల్లోని వరసలన్నీ పారేసి, కౌంటు ఒక్కటే దాచుకున్నారు.

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని ఒక సంస్థ ఉంది. 1917లో పెట్టారు. హోదా, జాతి, మతం చూడకుండా అందరినీ ఒకేలా గుర్తుంచుకోవాలన్నది వాళ్ళ నియమం. ఆఫ్రికా, ఆసియా వాళ్ళ విషయంలో ఆ నియమం తప్పామని 2021లో వాళ్ళ కమిటీయే తేల్చింది. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మారకం దక్కలేదట. సంస్థ క్షమాపణ కూడా చెప్పింది.

బర్మాలో సమాధి దొరకని సైనికుల పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద ఉన్నాయి. దాదాపు 27,000 పేర్లు. అవన్నీ ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. (మొదటి యుద్ధం వాళ్ళకోసం వెతికితే జిల్లా జాగ్రత్త. పశ్చిమ గోదావరి 1925లో గానీ పుట్టలేదు. అప్పటికి తాడేపల్లిగూడెం కృష్ణా జిల్లా.)

వెతకడానికి అంతా సిద్ధంగానే ఉంది. పెట్టెలో పేరు కొట్టాలి, అంతే. ఏం కొట్టను? 'మిలట్రీ మావయ్య' అనా? ఆ సంస్థ సంగతి సరే, మా ఇంట్లో మేమేం చేశాం?

ఆదివారం పొద్దున్నే చిన్నమ్మమ్మకి ఫోన్ చేశాను. తొంభై దాటాయి. చెవుడు. అమ్మమ్మ తోబుట్టువుల్లో మిగిలింది ఆవిడొక్కరే. మూడుసార్లు అరిచి అడిగితే నవ్వింది.

"మా తాత పేరే రా వాడిది. మామగారి పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ పెద్దబ్బాయి అనేది. అందుకని ఇంట్లో ఎవరూ పేరుతో పిలవలేదు."

తాత పేరు నిలబడాలని మనవడికి పెట్టారు. తాత మీద గౌరవంతో మనవడి పేరు పలకడం మానేశారు. ఆ మనవడు యుద్ధానికెళ్ళి పోతే, పేరు కూడా వాడితోనే పోయింది. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

చిన్నమ్మమ్మ పేరు చెప్పింది. కాగితం మీద రాసుకున్నాను. ఇంటివాళ్ళ పేర్లు నెట్‌లో పెట్టద్దని అమ్మ అంటుంది కాబట్టి ఇక్కడ రాయట్లేదు. ఆ పేరు వెతికితే చాలామంది వచ్చారు. ఒకే పేరు, రకరకాల స్పెల్లింగులు, వేరువేరు పటాలాలు. తండ్రి పేరు, ఊరు చూసుకుంటూ ఒక్కొక్కటీ తెరుస్తున్నాను. ఇంకా దొరకలేదు. కాకపోతే వెతుకుతుంటే ఒకటి అనిపించింది: ఈ లిస్టులో ప్రతివాడూ ఎవరింట్లోనో పెద్దబ్బాయే.

అమ్మమ్మ పెట్టెలో ఆయన ఫోటో ఒకటుంది. దాని వెనకాల పేరు, తండ్రి పేరు, ఊరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. వాడు అమెరికాలో దిగాడని మెసేజ్ పెడితే జవాబుగా ఆ ఫోటో పంపాను. "ఎవరన్నయ్యా ఈయన?" అన్నాడు. ఈసారి పేరుతో చెప్పాను.

మీ ఇంట్లో కూడా ఒక మిలట్రీ మావయ్యో, రంగూన్ తాతయ్యో ఉండే ఉంటారు. పేరు తెలిసిన పెద్దావిడ ఇంకా ఉంటే, సోమవారం స్టేటస్ కాల్ కంటే ముందు ఆవిడకి ఫోన్ చెయ్యండి.