సైకిలు చైను

గడచిన 2025 నవంబరు మాసమున ‘శివ’ చలనచిత్రము మరల చిత్రశాలలకు వచ్చినది. పదునారేండ్ల మా కుమారుడు చూడవలెనని పట్టుపట్టగా, జీడిమెట్ల నుండి కూకట్‌పల్లికి బస్సులో పోయి రాత్రి ఆట చూచితిమి. ఆ చిత్రము మొదట విడుదలయినది 1989 అక్టోబరు 5వ తేదీన. అప్పుడు నేను నాలుగవ తరగతి బాలుడను. సైకిలు చైను చేత చుట్టుకొని శివనని చెప్పుకొనుట ఆ కాలపు పిల్లలకొక ఆట. మా నాయన సైకిలు చైను ఊడబెరికి నేను తిన్న దెబ్బలు నాకిప్పటికిని జ్ఞాపకమున్నవి.

బాల్యమున నాకు కనబడినది ఆ చైను మాత్రమే. ఇప్పుడు చూడగా కథ వేరుగా తోచినది. కళాశాలలో జేడీ యను విద్యార్థి నాయకుడు తోడివారిని హడలగొట్టుచుండును. వాని వెనుక భవాని యను రౌడీ యున్నాడు. భవాని వెనుక మాచిరాజను రాజకీయ నాయకుడున్నాడు. భవానిగా రఘువరన్ గొంతెత్తకయే భయము పుట్టించును. మాచిరాజుగా, 2025లో కీర్తిశేషులైన కోట శ్రీనివాసరావు గారు, చేతికి మట్టి యంటకుండ పని జరిపించుకొను పెద్దమనుష్యుని కండ్లకు కట్టించిరి. రామగోపాలవర్మ గారికిది మొదటి చిత్రము. విజయవాడలో ఇంజనీరింగు చదువుకొన్న దినముల అనుభవములే దీనికి ఆధారమని వారే చెప్పియున్నారు.

ఇట్టి కథలను అమెరికావారు 1940 ప్రాంతముల నుండియు విరివిగా తీసిరి. 1946లో నీనో ఫ్రాంక్ అను ఫ్రెంచి విమర్శకుడు వానికి ‘ఫిల్మ్ న్వార్’, అనగా నల్లని చిత్రమని పేరిడెను. 1953లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ది బిగ్ హీట్’ అట్టిదే. అందొక ముఠానాయకుని గుప్పిట నగరాధికారులుందురు. ఎదిరించిన పోలీసు ఉద్యోగికై పెట్టిన బాంబునకు అతని భార్య బలియగును. ‘శివ’లోనో, అన్నగారి చిన్నకూతురు బలియైనది. పోరాడువాడొకడు, మూల్యమిచ్చునది ఇంటిలోని పసిప్రాణము! రెండు కథలకును దేశము వేరు, చీకటి యొక్కటే.

మనకును ఈ చీకటి క్రొత్తది కాదు. 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించిన వీరేశలింగము పంతులు గారు లంచగొండి ఉద్యోగులను అందులో బయట పెట్టుటకు వెనుదీయలేదు. రాజు దండింపనిచో పెద్దచేప చిన్నచేపను మ్రింగునని మన పూర్వులు మత్స్యన్యాయమును చెప్పిరి. మాచిరాజు కథ అంతకంటె ఘోరమైనది. ఇచట దండింపవలసినవాడే పెద్దచేపను పెంచుచున్నాడు.

తిరిగి వచ్చునపుడు బస్సులో మావాడు చాలసేపు మౌనముగా నుండి, “నాన్నా, కాలేజీలో ఇంత జరుగుతుంటే మాస్టర్లు ఏం చేస్తున్నారు?” అని యడిగెను. అది విద్యార్థుల కథ గనుక అధ్యాపకులపై అంతగా దృష్టి నిలువలేదని చెప్పితిని. ఆ జవాబు వానికి చాలినదేమో గాని నాకు చాలలేదు.

ఏలయన, 2023లో శాసనసభ ఎన్నికల దినములలో ఒక పెద్దమనిషి మా పాఠశాలకు వచ్చెను. అతని పక్షమేదో ఇచట అప్రస్తుతము. “సార్, ఆదివారం ర్యాలీ ఉన్నది. పెద్ద పిల్లలను ఒక ఇరవై మందిని పంపుండ్రి. బిర్యానీ పెడతం, పైసలిస్తం” అనెను. కూడదని నేననలేదు. ఆదివారము వారి యిష్టమని నవ్వితిని. అతడు పోయిన పిమ్మట పదవ తరగతి పిల్లవాడొకడు నాయొద్దకు వచ్చి, “సార్, పోవాల్నా?” అని యడిగెను. వాని తల్లి మందుల కర్మాగారములో కూలి. వాడు లెక్కలలో చురుకైనవాడు. వాడడిగినది సెలవు కాదు, వలదను మాట. నేను “నీ ఇష్టం” అంటిని.

వాడు ఆ ఆదివారము పోయెను, తరువాతి దినములందును పోయెను. సంక్రాంతి వెళ్లిన పిదప బడికి రాలేదు. నేను ఇంటికి పోయి విచారించునప్పటికి ఆలస్యమైనది. ఇప్పుడు వాడు జెండా కట్టిన మోటారు సైకిలుపై నలుగురితో తిరుగుచుండును. నన్ను చూచినచో ఆగి, “నమస్తే సార్” అనును. ఆ నమస్కారమున వెటకారమేమియు లేదు. ఉన్నచో నాకింత బాధ కలుగకపోవును.

చదువరులారా, మాచిరాజులను నిందించుట సులభము. నిందింపవలసినదే. కాని మాచిరాజు భవానిని చేరుటకును, భవాని జేడీని చేరుటకును, జేడీ మన పిల్లవాని చేరుటకును నడుమ ఒక గుమ్మము కలదు. ఆ గుమ్మమున ఉపాధ్యాయుడో తండ్రియో నిలుచుండును. అతడు లంచము పుచ్చుకొననక్కరలేదు. నావలె నవ్వి తొలగిన చాలును.

ఆ రాత్రి ఇల్లు చేరిన పిదప ఆ పిల్లవాని సంగతి మా కుమారునకు పూర్తిగా చెప్పితిని. తండ్రి తప్పు వినుట వానికి క్రొత్త. వాడు కొంత తడవు ఆలోచించి, “మళ్లీ ఎవరైనా అడిగితే?” అనెను.

ఎన్నికలు మరల వచ్చును. అతడో, అతనివంటి వాడొకడో మా పాఠశాలకును వచ్చును. ఈసారి వలదని చెప్పెదనని మావానికి మాట యిచ్చితిని. ఆ మాట నిలుపుకొనుటకు నాకెంత ధైర్యము కావలయునో, నమస్తే యని పోవు ఆ పిల్లవానిని చూచినపుడెల్ల తెలియుచున్నది.