గోదావరిఖనిలో వంత గొంతు

కాశీరామేశ్వర యాత్రలను గూర్చియు, కొండకోనల సౌందర్యమును గూర్చియు మన సోదరీమణులు తఱచుగా వ్రాయుచునే యున్నారు. మేము పోయివచ్చినది అట్టి చోటు కాదు. అది బొగ్గుగనుల యూరు. పోయిన కార్యమును తీర్థస్నానము కాదు, పాటకు రెండవ గొంతు నిచ్చు ఒక పెట్టెను విని, కొనవచ్చునో కొనరాదో తేల్చుట. అయినను అచ్చట మేము నేర్చుకొన్నది పాటపాడు నలవాటున్న ప్రతి యింటి స్త్రీలకును ఉపకరించునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఆడుబిడ్డ గోదావరిఖనిలో ఇరువదియేండ్లుగా కాపురమున్నది. ఆమె భర్త సింగరేణి గనిలో కార్మికుడు. ఆమెది మంచి కంఠము. చిన్ననాట కొంత సంగీతము నేర్చినది. తమ క్వార్టర్లలోని ఆడువారిని కూడగట్టుకొని బతుకమ్మ పాటలును భజనలును పాడుచుండును. "వదినా, శ్రుతిస్వరములు తెలిసినదానవు నీవు. ఒక్కసారి వచ్చి ఈ పెట్టెలను విని చెప్పిపో. ఎంగిలిపూలనాటికి తేల్చుకోవలె" నని ఆమె ఫోనులో పిలువగా, భాద్రపద బహుళమున బయలుదేరితిమి.

కాజీపేటలో రైలెక్కితిమి. ఇది బల్హార్షా మీదుగా ఉత్తరాదికి పోవు మార్గము. జమ్మికుంట దాటినను ఇరుప్రక్కల వరిమళ్లును పత్తిచేలును విడువలేదు. ఓదెల రాగానే మా ప్రక్కనున్న ముసలమ్మ కిటికీవైపు తిరిగి మల్లన్నకు చేతులెత్తి మ్రొక్కెను. మల్లన్న కథను చెప్పువారు ఒగ్గువారు గదా. ఒగ్గుకథలో ముందున్నవాడు ఒక మాట యనగానే వెనుకనున్నవారు దాని నందుకొని సాగదీయుదురు. ఆ నడుమ అతడు ఊపిరి తీసికొనును. అప్పుడీ సంగతి మాకు మామూలుగానే తోచినది. మఱునాడు దాని విలువ తెలిసినది.

పెద్దపల్లి దాటి రామగుండము చేరునప్పటికి ఎన్‌టీపీసీ వారి పొగగొట్టములు ఆకాశమున నిలిచి కనబడినవి. 1983లో మొదటి యూనిట్ పనిచేయ నారంభించిన ఈ విద్యుత్కేంద్రము 2,600 మెగావాట్ల శక్తి గలది. అచ్చటినుండి ఆటోలో గోదావరిఖనికి పోయితిమి. ఒకవైపు గోదావరి, మఱియొకవైపు గనులు. ఊరి పేరులోనే ఆ రెండును ఇమిడియున్నవి. 1871లో ఇల్లందు ప్రాంతమున డాక్టరు కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. ఇప్పుడందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 పాళ్లును, కేంద్రమునకు 49 పాళ్లును కలవు. 2016లో పెద్దపల్లి జిల్లా ఏర్పడువఱకు ఈ యూరు కరీంనగరు జిల్లాలోనిది.

ఇచ్చటి గృహిణుల దినచర్య గడియారమును బట్టి కాక షిఫ్టులను బట్టి నడచును. ఒక యింట తెల్లవాఱకముందే అన్నము వండి డబ్బాలో సర్దవలెను. పక్కయింట రాత్రి షిఫ్టునుండి వచ్చినవారు నిద్రించుచుందురు గనుక గిన్నె చప్పుడు కారాదు. ఆరవేసిన తెల్లబట్టను మడతపెట్టకముందు దులుపవలెను. మేమున్న రెండవనాటి మధ్యాహ్నము ఉపరితల గనిలో మందుగుండు ప్రేల్చగా అలమరలోని గ్లాసులు గల్లుమన్నవి. మేము ఉలికిపడితిమి. మా ఆడుబిడ్డ బియ్యమేరుచున్న చేయి ఆపనే లేదు.

ఆమె కష్టమును ఇక చెప్పవలెను. ఏండ్లతరబడి ఆమెకు ఇద్దరు వంతగత్తెలుండిరి. ఒకామె భర్తకు భూపాలపల్లికి బదిలీ అయినది. రెండవయామె భర్త పదవీవిరమణ చేసి స్వగ్రామమునకు పోయెను. ఇది ఒక్క వీధి సంగతి కాదు. 1990 ప్రాంతమున లక్షకు మించియున్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40,000 చుట్టుప్రక్కల నున్నది. తట్టయు చెమ్మసును పట్టి బొగ్గెత్తిన చేతుల స్థానమున పెద్ద యంత్రములు వచ్చినవి. క్వార్టర్ల వరుసలో తాళములు పడిన యిండ్లు కనబడినవి. మిగిలిన యాడువారు పాటకు రామనరు. కాని ఒకరికి వీలైనప్పుడు ఒకరికి వీలుకాదు. ఈ యేడు సద్దుల బతుకమ్మనాడు వేదికమీద పాడుటకు ఆమె మాట ఇచ్చియున్నది. "మనిషికి షిఫ్టున్నది వదినా, పెట్టెకు లేదు గదా" యని ఆమె నవ్వెను గాని ఆ నవ్వులో సంతోషము లేదు.

పెట్టె యనగా హార్మొనీ పెడల్. పాడువారి మైకు తీగ మొదట దీనిలోనికి పోయి, అచ్చటినుండి మిక్సరునకును, పిదప పెద్ద బాక్సులకును పోవును. పెట్టె మన స్వరస్థానమును కనిపెట్టి, అదే గొంతును పైకో క్రిందికో జరిపి రెండవ గొంతుగా కలుపును. కాలితో త్రొక్కినచో రెండవ గొంతు వచ్చును, మరల త్రొక్కినచో పోవును. గొంతును జరుపు విద్య క్రొత్తది కాదు. ఈవెంటైడ్ అను అమెరికా సంస్థ 1975లోనే హార్మొనైజర్ అను పేర అట్టి యంత్రము నమ్మెను. అది పాటలను ముద్రించు స్టూడియోలకు పనికివచ్చునది. నేడు జపానువారి బాస్, కెనడాలో పుట్టిన టీసీ హెలికాన్ మొదలగు పేర్లతో కాలిక్రింద ఇముడు పెట్టెలు వచ్చుచున్నవి.

ఇవి ముఖ్యముగా రెండు తెఱగులు. ఒక తెఱగుదానికి మన శ్రుతిని ముందుగా చెప్పవలెను. ఐదు శ్రుతిలో పాడునామె 'జి' యని పెట్టి, మేజరో మైనరో ఎంచుకొనవలెను. రెండవ తెఱగుది గిటారునో కీబోర్డునో తనలోనికి తీసికొని, ఆ వాద్యము మీటునదానిని బట్టి రెండవ గొంతును నిర్ణయించుకొనును. వెంట గిటారు లేని మనవంటివారికి ఈ రెండవది చాలవఱకు నిరుపయోగము.

లక్ష్మీనగరు బజారులో ఒక మైకుసెట్టువారు ఆర్కెస్ట్రాకై తెచ్చియుంచిన పెట్టెను మాకు పరీక్షింప నిచ్చిరి. మా ఆడుబిడ్డ మొదట ఒక సినిమాపాట పల్లవి పాడెను. ఇద్దరు చెల్లెండ్రు ప్రక్కన నిలిచి పాడినట్లే యుండెను. ఆమె కన్నులు మెఱసినవి. మేమును మెచ్చుకొంటిమి. పిదప మోహనములో నొక కీర్తన ఎత్తుకొమ్మంటిమి. మోహనమునకు స రి గ ప ద అను ఐదు స్వరములే గదా. పెట్టెను మేజరునకు పెట్టి, మూడవ స్వరము కలుపుమన్నప్పుడు సకు గయు, గకు పయు, దకు పై సయు వచ్చి హాయిగానే యుండెను. కాని రి పాడగానే మ వచ్చెను, ప పాడగానే ని వచ్చెను. రాగమున లేని రెండు స్వరములు పిలువని పేరంటాండ్రవలె వచ్చి కూర్చున్నవి! ఐదవ స్వరము కలుపుమన్నప్పుడు గవద్ద మాత్రమే ని దూరెను. మంద్రస్థాయిలో అదే స్వరమును కలుపుమన్నప్పుడు ఏ దోషమును లేదు. మాయామాళవగౌళ వంటి రాగము మేజరును కాదు, మైనరును కాదు గనుక దానికి ఈ పెట్టెలోని లెక్క అసలే కుదరదు. గమకము పట్టినచోట రెండవ గొంతు మెట్లమీద ఎగిరి దూకినట్లు వినబడెను.

అంతటితో ఆగక, బతుకమ్మ ఆటలోవలె చప్పట్లు కొట్టుచు పాడిచూచితిమి. చప్పట్లును ప్రక్కవారి గొంతులును అదే మైకులోనికి పోవుటచే పెట్టె తికమకపడి రెండవ గొంతు వణకెను. గొంతు చాలదని ధ్వని పెంచగా మైకు కీచుమని కూసెను.

ఇంతలో మా ఆడుబిడ్డకు దగ్గువచ్చెను. ఆమె ఆగెను. ఆమెతోపాటు ఆ రెండు గొంతులును ఆగినవి. అంగడిలో నిశ్శబ్దమయ్యెను. ఆమె పెట్టెవైపు చూచుచు, "నేను దగ్గితే సత్తెమ్మక్క చరణమందుకొనేది వదినా. ఒకసారి నేను పదము మఱచిపోతే నాకు తెలియకుండనే సరిదిద్దినది. ఇవన్నియు నా గొంతులే. నేను తప్పితే అన్నియు తప్పుతవి" అనెను.

దమయంతి స్వయంవరమున ఒకే రూపున ఐదుగురు నలులను చూచినది. పాదములు నేలను తాకుటను బట్టియు, కనుఱెప్ప కొట్టుటను బట్టియు, చెమట పట్టుటను బట్టియు నిజమైన నలుని గుర్తించినది. పాటలో నిజమైన తోడును గుర్తించుటకు ఆమె దగ్గే మాకు గుర్తయ్యెను. మనము ఆగినప్పుడు సాగునది తోడు. మనము ఆగినప్పుడు ఆగునది నీడ.

అప్పుడు మాకు ఓదెల మల్లన్న ఒగ్గువారు తలపునకు వచ్చిరి. పెట్టె మనతో కలిసి అదే క్షణమున పాడును. మన వంత మన వెనుక పాడును. బుఱ్ఱకథలో ఇరుప్రక్కల నిలుచు వంతగాండ్రును, బతుకమ్మచుట్టు తిరుగుచు ఉయ్యాలో యని యందుకొను ఆడువారును చేయునది ఇదియే. ముందు పాడునామె ఆ యందుకోలులో ఊపిరి పీల్చును, తరువాతి పాదము తలచుకొనును. తొమ్మిది దినములు గంటలకొలది పాడగలుగుట దానివలననే. పెడల్ గొంతుకు నిండుదనము నిచ్చును గాని విశ్రాంతి నియ్యదు.

సాయంకాలము అన్నయ్య బాయినుండి వచ్చెను. ఇచ్చటివారు గనిని బాయి యందురు. జరిగినది విని, "చెల్లె, బాయిల పైకప్పును కఱ్ఱతోని తట్టి చూస్తము. గట్టిదైతే ఒక తీరు మోగుతది, లోపల విడిచినదైతే బోలుగ మోగుతది. యంత్రాలెన్ని వచ్చినా చెవి పెట్టి వినుడే మొదటి పని. మీరు చేసినది గదే" యనెను. ఆయన పొగడ్త మాకు బిరుదువలె తోచినది.

చివరకు నిర్ణయమిది. భజనలలో ఆమె ఒంటరిగా పాడు పాటలకు, శ్రుతిని ముందుగా పెట్టుకొను తెఱగు పెడల్‌ను ఆ మైకుసెట్టువారివద్దనే అవసరమైననాడు అద్దెకు తీసికొనవలెను. అందులోను మంద్రస్థాయి గొంతును మాత్రమే, పల్లవి చివర మాత్రమే వాడవలెను. బతుకమ్మకు పెడల్ వలదు. ఆ కొనుగోలు సొమ్ములో కొంత పెట్టి రెండవ మైకు తీసికొని, దానిని చుట్టు తిరుగు ఆడువారివైపు నిలుపవలెను. ఏ దినము ఎవరికి వీలున్న వారే వంత. ఇద్దరే రావలెనను నియమము లేదు.

కొనదలచు సోదరీమణులకు మా మనవి యేమనగా: అంగడివారు వినిపించు పాటను విని మోసపోకుడు. మీరు నిత్యము పాడు పాటనే పాడుడు. ఒక్కొక్క స్వరమును నిలిపి, దానితో వచ్చు రెండవ స్వరము రాగమునకు చెందునో లేదో వినుడు. మీ మైకు తీగ దానికి సరిపడునా, కరెంటు ఆడాప్టరు వెంట ఇచ్చెదరా యని అడుగుడు. కాలు త్రొక్కగానే మీ ఒంటి గొంతు శుద్ధముగా మరల వచ్చునో లేదో చూచుకొనుడు. చివరకు పాట నడుమ ఒకమారు ఆగి, ఏమగునో వినుడు.

సద్దుల బతుకమ్మ మఱునాడు ఆమె ఫోను చేసినది. గొంతు బొంగురుపోయి యుండెను. ఏడుగురు వంతకు వచ్చిరట. అందులో ఇద్దరు కాలేజీ పిల్లలట. భూపాలపల్లినుండి సత్తెమ్మక్క కూడ బస్సెక్కి వచ్చినదట. "రెండవ మైకు చాలలేదు వదినా. వచ్చే యేడు మూడవది తేవలె" ననినది.