రాళ్ళకి తోడు పెట్టాం

మా హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ అక్వేరియం చూడ్డానికి వచ్చినవాళ్ళు కాసేపు కళ్ళప్పగించి చూసి, తర్వాత అడిగే ప్రశ్న ఒకటే. "రాళ్ళు బావున్నాయి, చేపలు బావున్నాయి, పగడాలేవండీ?" లేవండి. ఉండవు కూడా. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న అద్దాల తొట్టిలో పగడపు దిబ్బ కట్టాం, పగడం లేకుండా. ఉల్లిపాయ లేకుండా ఉల్లిపకోడీ వేసినట్టుందని మా ఆయన వెక్కిరింత.

దీనికి సూత్రధారి మా మరిది. నేను చేసిందల్లా బకెట్లు మోయడం, చూడ్డం. అందుకని నాకు అర్థమైన వంటింటి భాషలోనే రాస్తున్నాను.

మరిది పదిహేనేళ్ళు రాజోలు వైపు రొయ్యల చెరువులు చేశాడు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మన గోదావరి జిల్లాల్లో ఎన్ని వరిచేలు చెరువులయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కలిసొచ్చినన్నాళ్ళు కలిసొచ్చింది. తర్వాత వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తినేసింది. ఆ జబ్బు బయటపడితే వారం పది రోజుల్లో చెరువు ఊడ్చిపెట్టుకుపోతుంది. లీజు, మేత బాకీ, కరెంటు బిల్లు మాత్రం ఎక్కడికీ పోవు. మా తోడికోడలి గాజులు, హారం, ఆఖరికి సూత్రాల గొలుసు కూడా వెళ్ళాయి. పసుపుతాడుకి సూత్రాలూ నల్లపూసలూ రెండు పగడాలూ గుచ్చుకుని, పాపని వెంటబెట్టుకుని రాజమండ్రి మా ఇంటికొచ్చేశారు.

వచ్చాక మరిది మాట్లాడ్డం మానేశాడు. తెల్లవారుజామున నాలుగింటికే లేచేవాడు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది, పదిహేనేళ్ళ అలవాటు. లేచి ఏం చెయ్యాలో తెలీక వరండాలో కూర్చునేవాడు. నాకు పక్కగదిలోంచి ఆ కుర్చీ చప్పుడు వినబడేది.

అలాంటి రోజుల్లో మా వీధిలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ ఈ తొట్టి, ఇనప స్టాండు పాతసామాను ధరకి ఇచ్చేస్తానన్నాడు. మా ఆయన ఎవరినీ అడక్కుండా తెచ్చేశాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడి ఒక్కటే మాటంది. "నీళ్ళలో పోసింది చాల్లేదా బావగారూ?" ఎవరం జవాబు చెప్పలేదు. ఆవిడ తర్వాత నాలుగు నెలలు ఆ తొట్టి వంక చూడలేదు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే దాని పక్కనుంచే వెళ్ళాలి, అయినా చూడలేదు.

ఇక రాళ్ళ సంగతి. ఉప్పునీళ్ళ తొట్టికి ప్రాణం చేపలు కాదు, రాళ్ళు. చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది, అది చాలావరకు భరించగలిగేది. ఈ బాక్టీరియా అంతా బొరియలున్న రాతిలో కాపురం ఉంటుంది. సముద్రంలోంచి తెచ్చిన అలాంటి రాయిని లైవ్ రాక్ అంటారు. నిజానికది విరిగిపడిన పగడపు దిబ్బ ముక్క. మన దేశంలో 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికీ ఏనుగుకీ ఉన్న కాపలానే వాటికీ. చచ్చిన ముక్కయినా అంతే. అందుకే పెంచిన రాయి వాడాలి. అమెరికాలో ఫ్లోరిడా దగ్గర 1990ల నుంచే ఆ పని చేస్తున్నారట. నేలమీద తవ్విన సున్నపురాయిని సముద్రంలో దింపి, ఒకటి రెండేళ్ళు వదిలేసి, జీవం పట్టాక తీస్తారు.

మనకి సముద్రం దగ్గరే కదా, ఉప్పాడలోనో అంతర్వేదిలోనో దింపేస్తే సరిపోదా అని నేనడిగాను. మరిది అన్నిరోజుల తర్వాత నోరు విప్పి సుదీర్ఘంగా మాట్లాడింది అప్పుడే. "గోదారి ఉన్నచోట పగడం ఉండదు వదినా" అన్నాడు. వరదొచ్చినప్పుడు నది తెచ్చే ఒండ్రు సముద్రాన్ని ఎర్రగా చేసేస్తుంది, వెలుతురు లోపలికి దిగదు, మంచినీళ్ళు కలిసి ఉప్పు పలచబడుతుంది. పగడానికి వెలుతురు కావాలి, లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుండే తేట నీరు కావాలి. అందుకే మన దేశంలో చెప్పుకోదగ్గ దిబ్బలు లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, మన్నార్, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. మనకి వరి పండించే ఒండ్రే పగడాన్ని రానివ్వదన్నమాట. ఇన్నేళ్ళు ఈ నది ఒడ్డునే ఉండి ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

కాబట్టి రాళ్ళు పెరట్లోనే చేశాం. కాకినాడ తీరంలో గుల్లసున్నం కోసం పోగేసిన ఆల్చిప్పల పెంకు రెండు బస్తాలు తెచ్చాడు. అది దంచి, మూడు పాళ్ళ పెంకుకి ఒక పాలు సిమెంటు, ఒక పాలు రాళ్ళ ఉప్పు కలిపి, తడి ఇసకలో గుంటలు చేసి ముద్దలు ముద్దలుగా పోశాడు. ఉప్పెందుకంటే, నానబెట్టినప్పుడు అది కరిగిపోయి బొరియలు మిగులుతాయి. మధ్యలో గుహల కోసం అరటిదూట ముక్కలు పెట్టాడు, తర్వాత కుళ్ళిపోతే లాగేశాడు. రెండ్రోజులకి గట్టిపడ్డ రాళ్ళని పాత గోళెంలో మంచినీళ్ళలో వేశాం. కొత్త సిమెంటు సున్నపు ఘాటు వదులుతుంది, పీహెచ్ పన్నెండు దాకా పోతుంది, అందులో చేప క్షణం బతకదు. అందుకని నీళ్ళు మారుస్తూ రెండు నెలలు నానబెట్టాలి. మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు: "మావాడు రాళ్ళతో ఊరగాయ పెట్టాడే. ఎప్పటికి ఊరుతుందో, ఎవరు తింటారో!"

దసరా వెళ్ళాక పోసిన రాళ్ళు సంక్రాంతి ముందు తొట్టిలోకి వెళ్ళాయి. దాదాపు 600 లీటర్ల నీళ్ళు, అంటే 21 కిలోల ఉప్పు. ఇది కూరలో ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ కొలతగా కలిసిన ప్రత్యేకమైన ఉప్పు, ఖర్చంతా అక్కడే. పాత రిఫ్రాక్టోమీటర్ పెట్టెలోంచి తీసి, ఒక చుక్క వేసి, కిటికీ వైపు తిప్పి ఒంటికన్నుతో చూశాడు. ఆ నిలబడ్డం చూస్తే నాకు వాళ్ళ చెరువుగట్టే గుర్తొచ్చింది.

కానీ నీళ్ళు, రాళ్ళు ఉంటే సరిపోదు. పాలు కాచినంతమాత్రాన పెరుగవుతుందా? తోడు కావాలి. విశాఖపట్నంలో హేచరీలో పనిచేసే స్నేహితుడు తన తొట్టిలోంచి నిమ్మకాయంత రాళ్ళు నాలుగు తడిబట్టలో చుట్టి బస్సులో పట్టుకొచ్చాడు. అవీ ఇలా సిమెంటుతో చేసుకున్నవే, ఐదేళ్ళుగా ఊరినవి. అవి తోడు. ఇక బాక్టీరియాకి తిండి కావాలి కదా, దానికో పచ్చి రొయ్య వేసి కుళ్ళనివ్వాలి. టన్నుల్లెక్కన రొయ్యలమ్మినవాడు సంచి పట్టుకుని బజారుకెళ్ళి పావుకిలో బేరమాడి తెచ్చాడు. ఒకటి తొట్టిలో వేశాడు. మిగతావి వంకాయలో వేసి వండాను. అన్నం తింటూ "బాగా పెరిగిన సరుకే" అన్నాడు. అంతే అన్నాడు.

చిన్న గాజుగొట్టాల్లో నీళ్ళు పోసి, మందుచుక్కలు వేసి, రంగు చూసి పాప నోటుపుస్తకంలో రాసేది. మొదట అమ్మోనియా ఎక్కింది. తర్వాత అది దిగుతుంటే నైట్రైట్ ఎక్కింది. రాళ్ళ మీద ముందు గోధుమరంగు బూజులాంటిది, తర్వాత పచ్చటి జుట్టులాంటి నాచు వచ్చాయి. హాలంతా నీచు వాసన. అత్తగారు దేవుడి గది తలుపు మూసుకున్నారు. నలభై ఒకటో రోజున రెండూ సున్నా. మండల దీక్ష పూర్తయిందని పాప పెద్ద అక్షరాలతో రాసుకుంది.

చేపలు ఎక్కువ వెయ్యలేదు. తొట్టి పెద్దదని సంత పెడితే రాళ్ళు మొయ్యలేవు. ముందు ఒక జత క్లౌన్ చేపలు, నెలాగి నాలుగు నీలి డామ్సెల్స్. సముద్రంలో పట్టినవి కాదు, హేచరీలో పుట్టినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళ మండపం కేంద్రం ఈ చేపల్ని తొట్లలో పుట్టించే పద్ధతులు తయారుచేసింది. క్లౌన్ చేపలన్నీ పుట్టడం మగవిగానే పుడతాయట. గుంపులో పెద్దది ఆడదవుతుంది, పెత్తనం దానిదే. అది పోతే దాని మొగుడే ఆడదై కుర్చీ ఎక్కుతుంది. ఇది విన్నాక మా అత్తగారికి వాటిమీద అభిమానం పుట్టింది.

పాపకో సందేహం వచ్చింది, వాళ్ళమ్మ మెళ్ళో పగడం ఈ పగడమేనా అని. కాదు. కవులు విద్రుమమనీ ప్రవాళమనీ వర్ణించిన ఎర్రపగడం మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువున్న లోతుల్లో పెరిగేది. దిబ్బలు కట్టే పగడాల జాతి వేరు. నేను చెబుతుంటే తోడికోడలు పసుపుతాడు చేత్తో పట్టుకుని వింది. "ఇవి ప్లాస్టిక్కేమో అక్కా, అందుకే మిగిలాయి" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి చాన్నాళ్ళయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మే నెల వచ్చింది. రాజమండ్రి ఎండ మీకు తెలుసు. చిల్లర్ కొనే స్తోమత లేదు. నీటిమీదకి రెండు ఫ్యాన్లు పెట్టాడు, కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు ఇది, తర్వాతే మనుషుల ఫ్యాన్లు. రోజుకి ఏడెనిమిది లీటర్లు ఆవిరైపోయేవి. ఒక మధ్యాహ్నం మరిది లేడు, నీళ్ళు తగ్గాయని పాప ఉప్పునీళ్ళ బకెట్ ఎత్తింది. వంటింట్లోంచి కేక: "ఉప్పునీళ్ళు పోస్తావేంటే! పులుసు ఇగిరితే మంచినీళ్ళే కదా పోసేది, ఉప్పు ఎక్కడికీ పోదు!" మా తోడికోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఫిల్టర్ నీళ్ళు చెంబుతో తనే పోసింది. చేపలు పైకొచ్చాయి. అప్పట్నించీ ఆ చెంబు పని ఆవిడదే.

రాళ్ళ మీద ఇప్పుడు గులాబీరంగు పొర పడుతోంది. అది సున్నం పట్టే ఒక రకం నాచు. అది వచ్చిందంటే నీళ్ళు కుదిరినట్టేనట. మరిది మళ్ళీ చెరువు పట్టలేదు. ఇంకొకరి చెరువులకి నీళ్ళు పరీక్ష చేసి సలహా చెప్పడానికి వారానికి మూడ్రోజులు భీమవరం వెళ్తున్నాడు. బాకీలో ఇంకా సగం పైనే ఉంది. ఈమధ్య అక్కడో డాక్టరుగారు మా తొట్టి ఫోటో చూసి, తనకీ రెండు వందల కిలోల రాళ్ళు చేసిపెట్టమన్నారు. మరిది వెంటనే ఒప్పేసుకున్నాడు. పెంకు బస్తాలు కూడా వచ్చేశాయి, పెరట్లో ఉన్నాయి. సగం డబ్బులు ముందు చేతిలో పడందే సిమెంటు బస్తా మూతి విప్పనివ్వనని మా తోడికోడలు దాని మీద పీటేసుకుని కూర్చుంది.