మాట వినని వొళ్లు

షుగరు కూచుని తినేవాళ్ల జబ్బని మా అమ్మ అనేది. ఇప్పుడు మా మాదిగపల్లెలో ఏ సందులోకెళ్లినా షుగరు బిళ్లలు మింగేవాళ్లే. జొన్నసంగటి, సజ్జరొట్టె తిని పెరిగిన జనానికి 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. ఆకలి తీరింది, కాదనను. కానీ కంచంలో అన్నం కొండంతా, కూర గోరంతా అయింది అప్పుడే. ఇదీ మన చరిత్రలో రాసుకోవాల్సిన సంగతే.

నాకు 2006లో బయటపడింది. 2009 నుంచి ఇన్సులిన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏడాదికి 730 సూదులు. పదిహేనేళ్లకి 10,950. లెక్కల టీచర్ని గాబట్టి లెక్కేస్తున్నా. వేళ్లు పొడుచుకునేవి ఇందులో కలపలేదు. మీటింగుకి పోతే అన్నం వేళకి రాదు. ఊరేగింపులో చెమటలు పట్టి కళ్లు తిరిగితే బెల్లంముక్క కోసం సంచి తడుముకోవాలి. పెళ్లిలో పెట్టింది తింటే ఒక చూపు, తినకపోతే ఒక మాట. కూలికిపోయే మా అమ్మకి వానపడితేనన్నా ఒక పూట నడుం వాల్చే వీలుండేది. ఈ చాకిరీకి అదీ లేదు.

పదేళ్లు దాటాక షుగరు చూసుకునే మిషను బీరువాలో పెట్టేశాను. ఆ అంకె చూడబుద్ధి కాలేదు. భయం లేక కాదు. భయపడే ఓపిక లేక.

అప్పుడు టౌన్లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయేదాన్ని. మూణ్ణెల్ల షుగరు 11 వచ్చింది. కాయితం చూసి ఊరు అడిగాడు. ఊళ్లో ఏ వైపు అన్నాడు. చెప్పాను. "మీవాళ్లు ఎంత చెప్పినా వినరమ్మా" అన్నాడు. ముప్పయ్యేళ్లు వాళ్ల పిల్లలకీ మా పిల్లలకీ ఎక్కాలు చెప్పినదాన్ని, ఒక్క ముక్కతో మళ్లీ పల్లెలోకి తోసేశాడు. అచ్చేసిన కాయితం ఒకటి చేతిలో పెట్టాడు. ఓట్స్, యాపిలు, మొలకలు. అందులో పెద్దకూర లేదు, ఎండుచేప లేదు, మా ఇంటి పొయ్యి మీద ఉడికేది ఏదీ లేదు.

కాళ్లు మంటలంటే బల్ల అవతల్నించే తలూపాడు. ఏడేళ్లలో ఒక్కసారి నా పాదం ముట్టుకోలేదు. షుగరున్న మనిషి పాదాలు ఏడాదికొకసారన్నా పట్టి చూడాలి. నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలీదు. పుండవుతుంది, మానదు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మా పెదనాయన కాలు అట్లాగే పోయింది. అది షుగరు పుండని కాలు కోసే రోజుదాకా ఆయనకి ఎవరూ చెప్పలేదు.

2019లో తోటి టీచరమ్మ ఒకామె నన్ను ప్రభుత్వాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ బీపీ, షుగర్లకి వేరే గది ఉంది. నర్సమ్మ "చెప్పులిప్పి కాలిటు పెట్టక్కా" అని నా పాదం తన ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ దారంతో అక్కడక్కడా తాకించింది. పది చోట్ల తాకిస్తే నాలుగు చోట్ల నాకు తెలీలేదు. పరాయి మనిషెవరూ అంతకుముందు నా కాలు ఒళ్లోకి తీసుకోలేదు. మూసుకున్న కళ్లల్లోంచి నీళ్లు ఆగలేదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "సూదులతో విసుగొచ్చిందా?" ఈ అలసటకి ఒక పేరుందని ఆమే చెప్పింది. అమెరికాలో విలియం పొలోన్‌స్కీ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 1995లోనే దీన్ని కనిపెట్టడానికి 20 ప్రశ్నల పట్టిక తయారు చేశారట. అంటే ఇది మొండితనం కాదు, మీవాళ్లూ మావాళ్లూ అని లేదు. "రోజూ పొడుచుకోవద్దు, వారానికి రెండ్రోజులు చాలు. ఇవి మార్కులు కాదు టీచరుగారూ" అంది. ఏం వండుకుంటారని అడిగి రాసుకుంది. పెద్దకూరలో షుగరు పెంచే పిండి లేదు, కొవ్వు తీసేసి తినండి, అన్నం సగం చెయ్యండి అంది. తొమ్మిది నెలలకి 11 కాస్తా 8 అయింది.

మీటింగుల్లో రాజ్యాంగం గురించి గొంతెత్తే తమ్ముళ్లకి ఒక మాట. బాబాసాహెబ్‌కీ షుగరే. 1948లో ఒకపక్క కాళ్లనొప్పులు, ఒకపక్క రాజ్యాంగం పని. ఆ ఏప్రిల్ 15న ఆయన పెళ్లాడిన శారదా కబీర్, తర్వాత సవితా అంబేడ్కర్, డాక్టరు. ఆ నవంబరు 4న ముసాయిదా సభముందు పెట్టారు. అంతటి మనిషికీ పక్కన ఒక డాక్టరు కావాల్సివచ్చింది. మన వేదికల మీద ఆయన వేలు చూపిస్తాం, ఆయన నొప్పి కాళ్ల గురించి మాట్లాడం. మన నాయకులు కూడా పొద్దున్నించి రాత్రిదాకా టీల మీద తిరిగి, మందులు సంచిలోనే ఉంచుకుని పడిపోతున్నారు.

ఆ డాక్టరమ్మ పోయినేడు బదిలీ అయింది. కొత్తాయన చీటీ రాసి పంపించేస్తున్నాడు. మా పల్లెనుంచి నలుగురు ఆడాళ్లం కలిసి పోయాం. "కాళ్లు చూడండి సార్" అన్నాం. టైం లేదన్నాడు. నలుగురం చెప్పులిప్పి అక్కడే బెంచీ మీద కాళ్లు చాపుకుని కూచున్నాం. గంటన్నర పట్టింది. చూశాడు.